నడుము ఎత్తులో ఇల్లు

ఆ రోజు పొద్దున మేస్త్రి పెట్టుకున్న పనులు మూడే మూడు. కాఫీ పెట్టుకుని తాగడం, మంచం కాస్త ఎత్తు పెంచడం, మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్లి భార్యను చూసి రావడం. ఇందులో మొదటిది అప్పటికే చేయి దాటిపోయింది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయి, వంటిల్లంతా మాడు వాసన కమ్ముకుంది. "పోనీలే, ఒక పూట కాఫీ తాగకపోతే ప్రాణం పోతుందా" అనుకుని ఆయన రెండో పనికి దిగాడు. ఆ రోజుకు ఆ పాలు పొంగడంతోనే సరిపెట్టుకుని ఉంటే ఎంత బాగుండేదో!

మేస్త్రి అంటే వడ్రంగి మేస్త్రి. ఆ చుట్టుపక్కల ఎవరికి బల్ల కావాలన్నా, బీరువా కావాలన్నా ఆయన్నే పిలుస్తారు. మనిషి నిట్రాటలా పొడుగు. ఆయనకో పట్టింపు ఉంది. వంటింట్లో పొయ్యి పెట్టుకునే బల్ల చేయమంటే, ముందు ఇంటావిణ్ని గోడకు ఆనించి నిలబెట్టి, మోచేయి ఎంత ఎత్తున ఉందో టేపు పెట్టి చూడందే చెక్క మీద రంపం ఆనించడు. "మీ ఇష్టం వచ్చినంత పెట్టండి మేస్త్రీ" అని ఎవరైనా అన్నారో, అంతే సంగతులు. "నా ఇష్టమేంటమ్మా? వండేది నేనా? వచ్చి నిలబడు" అని గద్దిస్తాడు. ఆయన చేసిన బల్ల దగ్గర నిలబడి వంట చేసిన ఏ ఇల్లాలూ నడుము నొప్పి అని మూలగలేదని ప్రతీతి.

అలాంటి మేస్త్రి ఇంట్లోనే నడుము నొప్పి వచ్చి కూర్చుంది.

ఆయన భార్యను అందరూ చిట్టి అంటారు. పుట్టినప్పుడు పిడికెడంత ఉందని పెట్టిన ముద్దుపేరు అది. పెరిగాక కూడా మార్చాల్సిన అవసరం రాలేదు. పాపం, ఆవిడ వెన్నులో ఒక డిస్కు పక్కకు జరిగి నరాన్ని నొక్కడం మొదలుపెట్టింది. నడుములో పుట్టిన నొప్పి కాలి బొటనవేలి దాకా పాకేది. మందులు మింగింది, బెల్టు కట్టుకుంది, పళ్లు బిగబట్టి ఓర్చుకుంది. చివరికి కాలు కింద పెట్టలేని స్థితి వచ్చాక వెన్నెముక డాక్టరు దగ్గరికి వెళ్లారు.

"పెద్ద కోత అక్కర్లేదండీ," అని డాక్టరు ఓపిగ్గా చెప్పింది. "వీపు మీద చిన్న గాటు పెట్టి, సన్నటి గొట్టం లోపలికి పంపి, కెమెరాలో చూసుకుంటూ నరం మీద ఒత్తుతున్న ముక్కను మాత్రం గిల్లి తీసేస్తాం. కండరాలు కొయ్యం, కాస్త పక్కకు జరుపుతాం, అంతే."

మేస్త్రి కాసేపు ఆలోచించాడు. "అంటే, తలుపు ఊడదియ్యకుండా తాళం రంధ్రంలోంచే లోపలి గడియ బాగు చేసినట్టు."

"దాదాపు అంతే."

"నేనైతే తలుపు ఊడదీస్తానండీ," అన్నాడు మేస్త్రి నిజాయితీగా. "అంత చిన్న చిల్లులోంచి పని కుదురుగా రాదు."

చిట్టి ఆయన చేతి మీద గట్టిగా గిల్లింది. డాక్టరు మాత్రం నవ్వి, ఆపరేషన్ తర్వాత పాటించాల్సినవి చెప్పింది. ఆరు వారాల పాటు వంగకూడదు, నడుము మెలితిప్పకూడదు, బరువులు ఎత్తకూడదు. రోజూ మెల్లగా నడవాలి. "కావలసినవన్నీ నడుము ఎత్తులో చేతికందేలా పెట్టండి," అంది. మిగతావన్నీ ఎలా ఉన్నా, ఈ చివరి మాట మాత్రం మేస్త్రి మనసులో మేకులా దిగింది.

గది బయటికి రాగానే వదినగారు అడ్డుపడింది. వదినగారంటే చిట్టికి అక్క. అక్కాచెల్లెళ్లంటే ఎవరూ నమ్మరు. చెల్లెలు ఎంత పొట్టో అక్క అంత పొడుగు. గుమ్మం దాటాలంటే తల వంచాల్సిన మనిషి.

"ఏమయ్యా మరిదీ, ఆపరేషన్ అవగానే దీన్ని మా ఇంటికి తీసుకుపోతున్నా. నీ చేతికి సుత్తి అబ్బింది గానీ గరిటె అబ్బలేదు."

"అక్కర్లేదు వదినగారూ. నేను చూసుకుంటాను."

"ఏం చూసుకుంటావ్? అది మంచం దిగి నీకు కాఫీ పెట్టి ఇస్తుంటే చూస్తూ కూర్చుంటావ్."

"ఒక్కసారి కూడా వంగనవసరం లేకుండా ఇల్లంతా మార్చేస్తాను. చూడండి కావాలంటే!"

"సరే చూస్తా. ఆ ఇంట్లో ఒక్కసారి, ఒకే ఒక్కసారి అది వంగాల్సి వచ్చిందా, అక్కడికక్కడే కారెక్కించి తీసుకుపోతా. ఆరు వారాలు. ఆ తర్వాత ఏడ్చి లాభం లేదు."

ఆరు వారాలు! బయటికి చెప్పుకోడు గానీ, మేస్త్రి రోజంతా చేసే పనికి అసలు ముగింపు సాయంత్రం వంటింటి గుమ్మం దగ్గరే. పనిముట్ల సంచి దించి, గుమ్మానికి ఆనుకుని నిలబడి, ఎవరింట్లో ఏ తలుపు బిగిసిందో, ఎవరు ఏమన్నారో అన్నీ చెబుతాడు. చిట్టి బల్ల దగ్గర నిలబడి కూరలు తరుగుతూ వింటుంది. ఆమె తల సరిగ్గా ఆయన గడ్డం దగ్గరికి వస్తుంది. ఆమెతో చెప్పుకోకపోతే ఆ రోజు గడిచినట్టే ఉండదు ఆయనకు. ఆరు వారాలు ఆ గుమ్మం దగ్గర ఎవరితో మాట్లాడాలి, గరిటెతోనా?

ఆ పొద్దునకు ముందు రోజే ఆపరేషన్ అయింది. ఆసుపత్రిలో ఆడవాళ్ల వార్డు కాబట్టి రాత్రి తోడుగా వదినగారు ఉంది. "చాలా బాగా జరిగింది" అని డాక్టరు చెప్పగానే మేస్త్రికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవి తుడుచుకునే హడావిడిలో ఆ తర్వాత ఆమె చెప్పిన మాటలు ఆయన చెవిన పడలేదు. అయినా ఏం చెప్పి ఉంటుందిలే అనుకున్నాడు. పాత రోజుల్లో ఆయన చిన్నాన్నకు వెన్ను ఆపరేషన్ అయితే, నెలల తరబడి ఆసుపత్రిలో పడుకోబెట్టి, చివరికి నలుగురు మోసుకొచ్చి ఇంట్లో దించారు. ఆ లెక్కన తనకు ఇంకా బోలెడంత సమయం ఉంది.

అందుకే ఆ పొద్దున తీరిగ్గా మంచం దగ్గర నిలబడ్డాడు. నడుము ఎత్తు ఎంత? టేపు తీసి తన నడుము దగ్గర పెట్టి చూసుకుని, చిట్టి కోసం అందులో బెత్తెడు తగ్గించాడు. భార్య ఎంత ఎత్తుంటుందో తెలియకపోవడానికి ఆయనేం కొత్త పెళ్లికొడుకా? తన గడ్డం దాకా వస్తుంది. రోజూ చూస్తున్నదే కదా!

వీధిలో పక్కపక్కన నడిచేటప్పుడు చూడలేదా అంటారేమో. వీధిలో మేస్త్రి చూపెప్పుడూ ఎదుటివాళ్ల తలుపుల మీదే.

మంచం కోళ్ల కింద పెట్టడానికి నాలుగు దిమ్మలు కావాలి. షెడ్డులో దిమ్మలకు సరిపడే చెక్కంతా పచ్చిది. వెతగ్గా వెతగ్గా వంటబల్ల కింద ఒక పాత పీట దొరికింది. బలమైన చెక్క. పైన మాత్రం రెండు చోట్ల అరిగి గుంటలు పడ్డాయి. ఇంత గట్టి చెక్క ఎందుకు అరిగిందబ్బా అని ఒక్క క్షణం అనుకున్నాడు. అనుకుని ఊరుకున్నాడు. "ఎవరూ కూర్చోరు, ఏమీ లేదు. దీనికి తట్టుకుని చిట్టి పడితే?" అని ఒళ్లు ఝల్లుమని, దాన్ని నాలుగు ముక్కలు కోసి ఒక్కో కోడు కింద ఒక్కో ముక్క కొట్టేశాడు. అప్పటికీ ఎత్తు చాలలేదు. ముక్కల కింద పొడవాటి కొత్త కోళ్లు బిగించాడు. అవి బిగించాక చూస్తే మంచం కిటికీ గట్టును దాటిపోయింది. పరుపు వేసి దిండు పెట్టగానే ఆ దిండు జారి, కిటికీలోంచి వెళ్లి వీధిలో పడింది.

సరిగ్గా అప్పుడే వీధిలోంచి కేక వినిపించింది. "మేస్త్రీ! పిలిస్తే వస్తాను కదా, దిండ్లు విసరడం దేనికి?"

వచ్చినవాడు నీళ్ల పైపులు బాగుచేసే స్నేహితుడు. ఊరంతా అతన్ని లీకు అంటారు. అతని చేతిలో పడ్డ పైపు కారడం మానేస్తుంది గానీ, అతని చెవిన పడ్డ మాట మాత్రం కారకుండా ఉండదు.

"బాత్‌రూంలో కుళాయి పని చూడరా," అన్నాడు మేస్త్రి దిండు అందుకుని. "బకెట్టు దగ్గర చిట్టి వంగకూడదు. అందుకని బకెట్టుకి ఎత్తైన స్టాండు చేశాను."

"మంచి పనే. మరి బకెట్టు కుళాయి కంటే పైనుంది. నీళ్లెలా పడతాయి?"

"అందుకే కుళాయి పైకి జరుపు."

"జరిపితే అది నా నుదుటి దగ్గరికి వస్తుంది మేస్త్రీ. చెల్లెమ్మ నడుము ఎత్తంటే ఇంతుంటుందంటావా?"

"నా పెళ్లాం ఎంతుంటుందో నాకు తెలీదూ?" అని మేస్త్రి తన గడ్డం దగ్గర అరచెయ్యి అడ్డంగా పెట్టి చూపించాడు. "ఇదిగో, ఇంత."

లీకు ఆ చేతి వంక చూశాడు, మేస్త్రి మొహం వంక చూశాడు. అతనికి తెలిసిన చెల్లెమ్మ అంత ఎత్తు లేదు. కానీ మొగుడే చెబుతుంటే మధ్యలో తనెవరు? నోరు మూసుకుని రెంచి తీశాడు. అతని జీవితంలో నోరు మూసుకున్న సందర్భం అదొక్కటే, అదీ వేళకాని వేళ.

ఆ ఇంటి వాల్వు పాతకాలంది. మేస్త్రి దాన్ని తిప్పబోతే పిడి ఊడి చేతికొచ్చింది. అది ఊడిందని తెలియక లీకు పైపు విప్పాడు. అంతే, నీళ్లు ఎదురుగోడకు కొట్టాయి. "పట్టుకో పట్టుకో" అంటూ మేస్త్రి పైపు మూతికి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు మొహం మీదికి, అక్కణ్నించి నేల మీదికి, నేల మీద నుంచి గది దాటి హాల్లోకి. వీధి వాల్వు ఎక్కడుందా అని లీకు బయటికి పరుగెత్తబోయేంతలో ఫోను మోగింది. మేస్త్రి చేతులు ఖాళీ లేవు. ఇంకేం, లీకే ఎత్తాడు.

"హలో... అక్కయ్యగారా! ఉన్నాడండీ, చేతులు ఖాళీ లేవు. పైపుకి అడ్డం పెట్టి ఉన్నాడు... అబ్బెబ్బే, కంగారేం లేదండీ. నీళ్లు మోకాలి దాకా రాలేదు, చీలమండ దాకానే... పరుపా? పరుపు తడిసే ప్రశ్నే లేదండీ, అది చాలా పైనుంది. దిండు ఒక్కటే వీధిలో పడింది, తెచ్చేశాం..."

"పెట్టెయ్‌రా, పెట్టెయ్!" అని మేస్త్రి నీళ్ల మధ్యలోంచి అరిచాడు.

లీకు పెట్టేశాడు. పెట్టేసి, నింపాదిగా చెప్పాడు. "మధ్యాహ్నానికి ఇంటికి పంపించేస్తున్నారట."

"ఎవర్ని?"

"చెల్లెమ్మని. అక్కయ్యగారు బట్టలు సర్దేశారట. నేరుగా వాళ్లింటికే పోదామంటే చెల్లెమ్మ ఒప్పుకోలేదట. ముందు మనింటికి పోదాం అందట."

నిన్న వెన్నులో ఆపరేషన్ చేసి ఇవాళ ఇంటికి పంపడమేంటి? పంపుతున్నారంటే డాక్టర్లు చేతులెత్తేశారా? వీధి వాల్వు కట్టేశాక, మేస్త్రి తడి చేతులతోనే వార్డుకు ఫోను చేశాడు. అవతల నర్సు నవ్వింది. "ఏం లేదండీ, పొద్దున్నుంచి ఆవిడ చక్కగా నడుస్తున్నారు. అందుకే పంపిస్తున్నాం."

"ఏమన్నారు?" అడిగాడు లీకు.

"నడుస్తోందట." మేస్త్రి ఫోను పెట్టేశాడు. "నన్ను ఓదార్చడానికి అలా చెప్పారు రా. మా చిన్నాన్న ఆర్నెల్లకు గానీ లేచి కూర్చోలేదు."

ఇక ఆ ఇద్దరి తాపత్రయం చూడాలి. ఉన్న పాత గుడ్డలన్నీ తెచ్చి నేల తుడిచారు. కుళాయి నుదుటి ఎత్తునే బిగించారు. చెప్పుల బల్ల ఊడదీసి, చెప్పులు నడుము ఎత్తులో ఉండేలా గోడకు కొట్టారు. దువ్వెన, మంచినీళ్లు, చీపురు కూడా పైకెక్కాయి. వంటింట్లో కింది అరల్లో ఉన్న డబ్బాలన్నీ పైకి చేరాయి. వంటబల్ల దగ్గరికి వచ్చేసరికి మేస్త్రి అరచేత్తో దాన్ని తట్టాడు. "దీని జోలికి పోనక్కర్లేదు. పెళ్లికి ముందే నా చేత్తో చేశాను. ఎత్తు అతికినట్టుంటుంది."

"అంతా బానే ఉంది. చెల్లెమ్మని కారులోంచి మంచం దాకా ఎలా తెస్తాం?" అన్నాడు లీకు.

ఆ మాటకు మేస్త్రి చుట్టూ చూశాడు. ఆయన చూపు వీధి తలుపు మీద ఆగింది. మంచి నిటారైన తలుపు. మనిషి పడుకుంటే వంకర పోదు. ఇంకేముంది, తలుపు ఊడింది.

కారు వచ్చి ఆగేసరికి వీధిలో ఇద్దరు మగవాళ్లు, నిలువెల్లా తడిసి, చెరోవైపు తలుపు పట్టుకుని నిలబడి ఉన్నారు. దాని మీద ఒక దుప్పటి, వీధిలో పడ్డ దిండు. కారు ముందు సీట్లోంచి వదినగారు దిగింది. వెనక తలుపు తెరుచుకుంది. చిట్టి రెండు కాళ్లూ కలిపి బయటపెట్టి, మెల్లగా లేచి నిలబడి, నాలుగడుగులు నడిచి వాళ్ల ముందుకొచ్చింది.

"ఏమండీ, వీధి తలుపు తీసుకుని ఎక్కడికి బయల్దేరారు?"

నెల రోజులుగా గోడ పట్టుకుని కుంటుతున్న మనిషి, తన కాళ్ల మీద తను నిలబడి నవ్వుతోంది. మేస్త్రి తలుపు వదిలేశాడు. అవతలి కొస లీకు కాలి మీద పడింది. అతను కెవ్వుమన్నా ఎవరూ పట్టించుకోలేదు.

"నడుస్తున్నావే!"

"నడుస్తున్నానండీ. కాలు లాగడం లేదు. కోసిన చోట కాస్త సలుపు, అంతే."

"ఏదీ, కట్టు చూపించు." వీపు మీద అంటించిన చిన్న పట్టీని చూసి మేస్త్రి నమ్మలేకపోయాడు. "ఇంతేనా? నా వేలికి ఉలి తగిలితే ఇంతకంటే పెద్ద కట్టు కడతావు కదే!" అంటూ చేతులు జోడించి, ఆసుపత్రి ఏ దిక్కున ఉందో ఆ దిక్కుకు దణ్ణం పెట్టాడు. తాళం రంధ్రం పని మీద ఆయనకు ఆ క్షణం నుంచి గౌరవం కలిగింది.

"మురిసింది చాలు, ఇల్లు చూద్దాం పద," అంది వదినగారు.

లేని తలుపులోంచి అందరూ లోపలికి వెళ్లారు. చెప్పుల బల్ల చిట్టి భుజం దగ్గర ఉంది. చిట్టి చెప్పులు విడిచి, వాటివైపు ఒకసారి, బల్లవైపు ఒకసారి చూసి ఊరుకుంది. బాత్‌రూంలో బకెట్టు ఆమె ఛాతీ దగ్గర ఉంది, కుళాయి ఆమె తలకు జానెడు పైన ఉంది. తర్వాత పడక గది. చిట్టి మంచం పక్కకు వెళ్లి నిలబడింది. పరుపు ఆమె చంకల దగ్గరికి వచ్చింది. అవతలి నుంచి చూస్తే, టికెట్టు కోసం కౌంటరు దగ్గర నిలబడినట్టు తల ఒక్కటే కనిపిస్తోంది.

లీకు "నేను అప్పుడే అనుకున్నాను" అని గొణిగాడు.

"బాగుందయ్యా మరిదీ, చాలా బాగుంది," అంది వదినగారు. "దీన్ని ఎక్కించడానికి నిచ్చెన కూడా చేశావా? పదవే చిట్టీ, కారెక్కు."

"వంగాల్సి వస్తే కదా వదినగారూ అన్నారు," అన్నాడు మేస్త్రి. "ఇంతసేపట్లో ఒక్కసారైనా వంగిందా?"

అది వినగానే చిట్టికి నవ్వాగలేదు. నవ్వితే కుట్టు దగ్గర లాగుతోంది. నడుము పట్టుకుని, "అమ్మా, నవ్వించకండీ" అంటూనే నవ్వింది. ఆ ఇంట్లో, వంటబల్ల పోను, మేస్త్రి ఎత్తు పెంచనిది ఒక్క చెక్క కుర్చీయే. దాని దాకా రావడానికి ఆయనకు వ్యవధి చాలలేదు. అందులో ఆమెను నిటారుగా కూర్చోబెట్టారు.

"నీకు ఒళ్లు మండిపోతోందేమో గానీ, నేను మొగుడి మొహం కాస్త చూసుకుని వస్తానక్కా," అంది చిట్టి. "ఈలోగా నువ్వు కాఫీ పెట్టు."

"పెడతా, కాఫీ తాగి బయల్దేరదాం," అంటూ వదినగారు విసవిసా వంటింట్లోకి వెళ్లింది. చుట్టపుచూపుగా వచ్చినప్పుడు చిట్టి ఆవిణ్ని ఏనాడూ ఆ గడప తొక్కనివ్వలేదు. ఇదే మొదటిసారి.

చిట్టి మేస్త్రి వైపు తిరగబోయి, నడుము మెలితిప్పకూడదని గుర్తొచ్చి ఆగింది. ఆయనే వచ్చి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"ఎవరి కొలత పెట్టారు?"

"నీదే. నువ్వు నా గడ్డం దాకా వస్తావు కదా."

"నేను మీ గడ్డం దాకా ఎప్పుడొచ్చానండీ?"

"రోజూ. సాయంత్రం, వంటబల్ల దగ్గర."

చిట్టి మొహంలో నవ్వు మెల్లగా మరోలా మారింది. "నా పీట ఏదండీ?"

"ఏ పీట?"

"బల్ల కింద ఉండేది. దాని మీద నిలబడే కదా వండేది. లేకపోతే ఆ బల్ల నాకు అందితేగా!"

మేస్త్రి తల తిప్పి మంచం వైపు చూశాడు. నాలుగు కోళ్ల మధ్య నాలుగు ముక్కలు. ప్రతి ముక్క మీదా సగం సగం అరిగిన గుంట. రెండు పాదాలు, ఏళ్ల తరబడి నిలబడిన చోటు. ఇంత గట్టి చెక్క ఎందుకు అరిగిందో ఆయనకు అప్పుడు తెలిసింది.

"ఎందుకు చెప్పలేదే?" అన్నాడు. "ఊళ్లో ప్రతి ఇల్లాలి మోచేయి కొలిచాను. నిన్ను ఒక్కనాడు గోడ దగ్గర నిలబెట్టలేదు. అడిగితే ఒక్క పూటలో తగ్గించేవాణ్ని కదా!"

"కాపురానికి వచ్చిన రోజు నన్ను ముందు తీసుకెళ్లింది ఆ బల్ల దగ్గరికే. 'నీ కోసం నా చేత్తో చేశాను' అన్నారు. అప్పుడు మీ మొహం నేను చూశాను, మీరు చూసుకోలేదు. ఆ మొహం చూశాక ఎత్తెక్కువైందని ఎవరు చెప్పగలరండీ? పీట వెతుక్కున్నాను."

"అయితే నీ నడుము ఇలా అయింది నా వల్లేనా?"

"పీట వల్ల కాదు లెండి. డాక్టరుగారిని అడిగాను. పండక్కి ఇల్లు దులుపుతూ మీరు చేసిన బీరువా ఒక్కదాన్నే జరిపాను చూడండి, అప్పుడు పట్టింది. అంత బరువుగా చేయమని మీకెవరు చెప్పారు?"

మేస్త్రి నవ్వబోయి ఏడ్చేశాడు. ఆయన అలా ఏడవడం చిట్టి ఎప్పుడూ చూడలేదు. లీకు కూడా చూడలేదు, కానీ ఆ సంగతి మర్నాటికల్లా ఊరంతటికీ తెలిసింది.

"వెళ్లకు చిట్టీ," అన్నాడు. "మీ అక్క గెలిచింది, ఒప్పుకుంటాను. కాఫీ కూడా పెట్టలేకపోయాను. అయినా వెళ్లకు. నువ్వు లేకపోతే ఈ ఇంట్లో ఏది ఎంత ఎత్తులో ఉంటే నాకేం?"

చిట్టి చెయ్యి చాచి ఆయన తడి జుట్టు సవరించింది. ఆయన నేల మీద కూర్చున్నాడు కాబట్టి వంగకుండానే అందింది. తర్వాత మెల్లగా లేచి, వెళ్లి గోడకు ఆనుకుని నిలబడింది. "టేపు తీయండి."

మేస్త్రి టేపు తీశాడు. మోచేయి కొలిచాడు, నడుము కొలిచాడు, మోకాలు కొలిచాడు. ఎన్నడూ రెండోసారి కొలవని మనిషి ఒక్కొక్కటీ మళ్లీ మళ్లీ కొలిచాడు. రంపం తీసి మంచం కోళ్లు కోయడం మొదలుపెట్టాడు.

అంతా అయింది గానీ వంటింట్లోంచి కాఫీ రాలేదు, కేకలూ రాలేదు. అనుమానం వచ్చి అందరూ గుమ్మం దగ్గరికి వెళ్లి చూశారు. వదినగారు వంటబల్ల ముందు నిలబడి ఉంది. నిటారుగా, భుజాలు విరుచుకుని, అరచేతులు బల్ల మీద ఆనించి. పొయ్యి మీద కాఫీ సిద్ధంగా ఉంది. పక్కన ఆవిడ, ఎవరూ అడక్కుండానే, ఇంట్లో ఉన్న కూరగాయలన్నీ తరిగి పెట్టేసింది.

"ఈ బల్ల ఎవరు చేశారు?" ఆవిడ గొంతు ఎప్పుడూ లేనంత మెత్తగా ఉంది.

"నేనే వదినగారూ."

"మా ఇంట్లో బల్ల నా తొడల దగ్గరుంటుంది. మా అత్తగారి ఎత్తుకి కట్టించింది. పెళ్లైనప్పటి నుంచి సగానికి వంగి వండుతున్నాను. పొడుగ్గా పుట్టడం నా తప్పే కదా అని ఎవరికీ చెప్పలేదు." ఆవిడ కళ్లు తుడుచుకుంది. "నిటారుగా నిలబడి కూర తరగడం నా జీవితంలో ఇదే మొదటిసారి మరిదీ."

కారెక్కించే మాట మళ్లీ ఎత్తుతుందేమోనని మేస్త్రి భయం భయంగా చూస్తున్నాడు.

"చిట్టి ఎక్కడికీ రాదు," అని వదినగారు ప్రకటించింది. "దానికి వండిపెట్టేవాళ్లు కావాలి. ఈ ఆరు వారాలూ నేనే ఇక్కడ ఉంటాను. ఆ కుళాయి మాత్రం తగ్గించకు. నా తలకు సరిగ్గా ఉంది."

చిట్టి మళ్లీ నడుము పట్టుకుంది. ఈసారి నవ్వు అసలాపుకోలేకపోయింది.

ఆరు వారాలు ఇట్టే గడిచిపోయాయి. చిట్టి మొదట హాల్లో, తర్వాత వీధి చివరిదాకా, ఆ తర్వాత పక్క వీధి దాకా నడిచింది. పక్కన మేస్త్రి నడిచాడు. ఇప్పుడు ఆయన ఎవరి తలుపుల వంకా చూడడం లేదు. ఆమె తల తన భుజం కిందికే వస్తుందని రోజూ చూసుకుంటూ, రోజూ కొత్తగా ఆశ్చర్యపోయేవాడు. డాక్టరు చూసి అంతా సరిగ్గా ఉందన్నాక, పాత బల్ల పక్కనే చిట్టి మోచేయి ఎత్తుకు కొత్త బల్ల చేశాడు. పీట ముక్కలు నాలుగూ తెచ్చి, అతుకు తెలియకుండా అతికించాడు. ఇప్పుడు సాయంత్రం పనిముట్ల సంచి దించాక ఆయన గుమ్మం దగ్గర ఆ పీట మీద కూర్చుని కబుర్లు చెబుతాడు. చిట్టి కొత్త బల్ల దగ్గర నిటారుగా నిలబడి వింటుంది.

అంతా బాగానే ఉంది గానీ, వదినగారు కదల్లేదు. బల్ల బాగుంది, కుళాయి బాగుంది, ఇక్కడి గాలి కూడా ఆవిడకు పడిందట. చివరికి ఆవిణ్ని తీసుకుపోవడానికి వాళ్లాయన సూట్‌కేసు పట్టుకుని వచ్చాడు. ఆయన పొట్టి మనిషి. చిట్టి కంటే రెండు వేళ్లు ఎత్తుంటాడేమో. మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లి, కొత్త బల్ల దగ్గర నిలబడి, దాని మీద చేతులు ఆనించి, "భలే అమరిందోయ్ తమ్ముడూ!" అని సూట్‌కేసు తెరిచాడు.

అప్పటి నుంచి మేస్త్రి ఎవరింట్లో పని ఒప్పుకున్నా ఇంటావిడ మోచేతితో పాటు చుట్టాల మోచేతులు కూడా కొలిచి, వాళ్లకు కాస్త ఇబ్బందిగా ఉండేలా చూసుకుంటున్నాడు.